ఆ మాట చెప్పిందెవరు

నన్ను ఇంట్లోంచి పంపేసిన రోజు మా నాన్న నా సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడవకుండా రెండు మడతలు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి చేతికిచ్చాడు. బట్టలు అప్పటికే అమ్మ సంచిలో సర్దేసింది. ఆదివారం. చర్చిలో ఆరాధన అయిపోయి, అన్నాలు తినే వేళ కూడా దాటింది. బయట ముసురు. తల్లాడకు నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. నాన్న బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, సంఘంలో పెద్ద. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"ఎక్కడనన్న బతుకు. మేమున్నన్ని రోజులు ఈ గడప తొక్కకు" అన్నాడు.

"కోర్టు గూడ తప్పు కాదన్నది నాన్నా" అన్నాను. పేపర్లో చదివిన ముక్క అది. అంతకు మించి నా తరఫున చెప్పుకోవడానికి నాకేమీ తోచలేదు.

"కోర్టు వచ్చి మన ఇంట్ల కాపురం చేస్తదా" అన్నాడు.

అమ్మ పొయ్యి మీద పాలు చూడాలని లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. తమ్ముడు నన్ను బండి మీద తల్లాడ సెంటర్ దాకా దించాడు. బస్సు కనపడ్డాక, "నా పెళ్ళికి అడ్డం రాకు అన్నా" అన్నాడు. వాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ భయం వాడి వయసుకు సహజమేనని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం వాడి మొహం చూడకుండా బస్సెక్కాను.

ఇదంతా ఒక సంబంధంతో మొదలైంది. నాకు ఇరవై ఏడేళ్ళు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాణ్ణి. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పి నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. సత్తుపల్లి నుంచి వచ్చిన ఈ సంబంధానికి వంక దొరకలేదు. అమ్మాయి నర్సు, వాళ్ళ నాన్నకు బొగ్గు గనిలో ఉద్యోగం, మా సంఘం వాళ్ళే. చూడ్డానికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు మా ఇద్దరినీ మాట్లాడుకోమని మేడ మీదికి పంపారు. నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడ్డాం. ఆమె ఏదో అడగబోతుంటే నేనే ముందు చెప్పేశాను.

"మీకొక మాట చెప్పాలె. నాకు ఆడవాళ్ళ మీద మనసు పోదు. చిన్నప్పటి నుంచి ఇంతే. మిమ్మల్ని చేసుకుంటే మీ బతుకు ఆగమైతది."

ఆమె కాసేపు కింద వాకిట్లో నిలిపిన మా కారు వైపు చూసింది.

"మీ ఇంట్లో తెలుసా?"

"తెల్వదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

"నష్టపోయేది మీరే గదా."

ఆమె తల ఊపింది. "సరే. వద్దని నేనే చెప్తాను. మీరేం మాట్లాడకండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకు వాళ్ళు వద్దన్నారు. మా ఇంట్లో అమ్మ ఏడ్చింది, నాన్న ముభావంగా ఉన్నాడు. మా అక్క కాపురం తల్లాడలోనే. బావకు అక్కడ ఎరువుల షాపు. ఆ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి, సంబంధం ఎందుకు తప్పిందో ఆమె ఒక్కదానికే చెప్పాను. అక్క నా తల నిమిరింది, అన్నం పెట్టింది. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పనంది.

మరో వారానికి బావ మా ఇంటికొచ్చి, నాన్నను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. బయటికి వచ్చినప్పుడు నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అని బావను అడిగాను.

"ఎవరు చెప్తేంది? నిజమా, కాదా?"

కాదనలేదు. కాదని ఉంటే ఏమయ్యేదో తెలియదు. బహుశా ఇంకో సంబంధం చూసేవాళ్ళు.

ఆ తర్వాత ఖమ్మంలో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన నిద్రమాత్రలు రాసి, తొందరగా పెళ్ళి చేయమన్నాడు. ఆపైన పాస్టరుగారు మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. నా కోసం ఆయన కూడా మూడు రోజులూ తినలేదు. చివరి రోజు నా తల మీద రెండు చేతులూ పెట్టి చాలాసేపు ప్రార్థించి, చెమటలు తుడుచుకుంటూ, "ఇప్పుడెట్లున్నది నాయనా?" అని అడిగాడు.

"ఆకలైతుందండి" అన్నాను.

ఎగతాళికి కాదు, నిజంగానే ఆకలేసింది. కానీ పక్కన మోకరించిన నాన్న దాన్ని ఎగతాళిగానే తీసుకున్నాడు. ఆ వచ్చే ఆదివారమే నా పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేశారు. కొట్టేయమని అడిగింది కూడా నాన్నే.

భద్రాచలం బస్సులో కొత్తగూడెం దాటేసరికి నాకు అంతా తేలిపోయినట్టు అనిపించింది. నిజం తెలిసింది ఇద్దరికి. అక్క నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. ఇక మిగిలింది ఆ సత్తుపల్లి అమ్మాయి. ఫోన్ తీసి, సంబంధం కాగితంలో ఉన్న ఆమె నంబరుకు మెసేజ్ పెట్టాను. 'నీకు నిజం చెప్పినందుకు నా బతుకు ఆగం చేసినవు. నీకు మంచి జరగదు.' జవాబు రాలేదు. తప్పు చేసింది కాబట్టే రాలేదనుకున్నాను.

భద్రాచలంలో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఉందని నాతో చదివినవాడొకడు చెప్పాడు. పని దొరికింది. గది దొరకడం కష్టమైంది. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే ఒక పెద్దావిడకు, కరకట్టకు దగ్గర్లో, కింద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.

"గోదారి వస్తే ఈ అర్రలల్లకు నీళ్ళొస్తయి. పిల్లలున్నోళ్ళు ఉండరు" అంది. నా సంచి వైపు చూసింది. "నీకేమున్నది సామాను. ఉండు. ఇంట్ల ఎవరెవరున్నరు?"

"ఎవరు లేరు" అన్నాను.

తల్లీ తండ్రీ లేనివాణ్ణనుకుంది పాపం. చాలా రోజులు నా ప్లేటులో ఒక దోసె ఎక్కువ వేసేది. తినేవాణ్ణి, కానీ ప్రతిసారీ అమ్మను నా నోటితో నేనే చంపుకున్నట్టుండేది.

మొదటి సంవత్సరం క్రిస్మస్‌కు అక్కడి చర్చిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను. పాటలన్నీ నాకొచ్చినవే. ఆరాధన అయ్యాక ఒకాయన చేయి కలిపి, "ఏ ఊరు బాబూ, ఏ సంఘం?" అని ఆప్యాయంగా అడిగాడు. ఇప్పుడే వస్తానని బయటికి వచ్చి, చెప్పులు సగం తొడుక్కుని వెళ్ళిపోయాను.

పని మాత్రం నన్ను నిలబెట్టింది. వానాకాలమంతా అడవి ఊళ్ళ నుంచి జ్వరాలు వచ్చేవి. దుమ్ముగూడెం అవతలి పల్లెలకు జీపులో క్యాంపులకు వెళ్ళేవాళ్ళం. వేలు గుచ్చి, గాజు పలక మీద నెత్తుటి చుక్క తీసుకుని, రంగు వేసి, మైక్రోస్కోపు కింద మలేరియా కోసం వెతకడం నా పని. కోయ భాషలో 'చేయి చాపు', 'భయపడకు' అనడం నేర్చుకున్నాను. నా యాసకు వాళ్ళ పిల్లలు నవ్వేవాళ్ళు.

అలా ఒక స్లైడులో మలేరియా దొరికిన మనిషే ఇప్పుడు నాతో ఉంటున్నాడు. ఆర్టీసీ బస్సు కండక్టరు. అతని రక్తం చూసిన తర్వాతే అతని మొహం సరిగా చూశాను. మాత్రలు ఎలా వేసుకోవాలో చెబుతుంటే, "మా ఇంట్ల గుర్తు చేసేటోళ్ళు లేరు సార్, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి" అన్నాడు. రాసిచ్చి, మూడో రోజు జావ తీసుకుని అతని గదికి వెళ్ళాను. తగ్గాక అతను నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఎండాకాలంలో అడవి దారి బస్సులో ఎవరో ఇచ్చిన తునికి పండ్లు టికెట్ల సంచిలో వేసుకుని తెచ్చేవాడు. మనసులో మాట ఒకరికొకరం చెప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అతని అమ్మానాన్నలు పోయారు. అన్నదమ్ములు ఎవరి దారి వారిదే. కిరాయి కలిసొస్తుందని చెప్పి నా గదుల్లోకి మారాడు. ఇంటావిడ సరేనంది, ఇంకేమీ అడగలేదు.

అక్క మాత్రం ప్రతి గురువారం, బావ షాపుకు పోయాక ఫోన్ చేసేది. "తిన్నవా? ఒంట్ల బాగుందా?" అంతే, రెండు నిమిషాలు. తమ్ముడి పెళ్ళయిందని, అయిపోయాక చెప్పింది. ఆ ఇంటి నుంచి నాకు మిగిలింది ఆ రెండు నిమిషాలే. వాటిని కష్టపెట్టే మాట ఏదీ నేను ఎత్తేవాణ్ణి కాదు.

నేను ఇల్లు విడిచిన ఆరో ఏట గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. మా గదుల్లో సామాను ఇంటావిడ పైకి ఎక్కించింది. "మీ ఇద్దరికి పైన అర్ర ఖాళీ చేసిన, నీళ్ళు తీసేదాక ఆడనే ఉండుండ్రి" అని ఒకే పరుపు వేసింది. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో ఇప్పటికీ అడగలేదు.

పల్లపు కాలనీల వాళ్ళను ఒక బడిలోకి తరలించారు. అక్కడి మెడికల్ క్యాంపులో నాకు డ్యూటీ. వేరే ఊళ్ళ నుంచి కూడా నర్సులను పంపారు. రెండో రోజు పొద్దున వచ్చిన బృందంలో ఆ సత్తుపల్లి అమ్మాయి ఉంది. కళ్ళద్దాలు వచ్చాయి, కొద్దిగా ఒళ్ళు చేసింది, అయినా చూడగానే గుర్తుపట్టాను. మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా ఆ పూటంతా గడిపాను. మధ్యాహ్నం ముందు ఆమే ఒక పిల్లవాడి స్లైడు తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"వీడికి రాత్రి నుంచి చలి జ్వరం. తొందరగా చూడండి" అంది. చూశాను. మలేరియా లేదని చెప్పాను. వెళ్ళబోతూ ఆగింది. "బాగున్నారా?"

"బాగున్న."

వాన తెరిపిచ్చాక భోజనాలు వచ్చాయి. తరగతి గది వరండాలో నేను పులిహోర పొట్లం విప్పుకుంటుంటే ఆమె వచ్చి అదే బెంచీకి అటు చివర కూర్చుంది.

"రెండేళ్ళ కింద ఖమ్మం బస్టాండులో నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. అంతకుముందు ఆ మెసేజ్. నేనేం చేశానో చెప్పండి. తెలుసుకుందామని ఉంది."

ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "మా ఇంట్ల చెప్పింది మీరే గదా" అన్నాను.

"ఎవరికి చెప్పాను?"

"మీరు చెప్తేనే మీ ఇంటోళ్ళు మా బావకు చెప్పిండ్రు."

ఆమె చేతిలోని ముద్ద పొట్లంలో పెట్టేసింది. "మా ఇంట్లో ఈ రోజుకీ తెలియదండి. అబ్బాయి నచ్చలేదు అన్నాను. ఎందుకు నచ్చలేదంటే జుట్టు పలచగా ఉందన్నాను. మా నాన్న చెంప మీద కొట్టాడు. మంచి సంబంధం జుట్టు కోసం పోగొట్టానని ఏడాది పాటు మాట్లాడలేదు. మీ బావ ఎవరో కూడా నాకు తెలియదు."

నేను పులిహోర పొట్లం మళ్ళీ మూసేశాను.

"మీ మెసేజ్ చూసి, నేను కాదని రాద్దామనుకున్నాను. రాస్తే ఇంకేం తిడతారోనని భయమేసి నంబరు బ్లాక్ చేశాను. మీ తర్వాత ముగ్గురు వచ్చారు చూడ్డానికి. ఆ ముగ్గురిలో నాతో నిజం మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. మీరు మాట్లాడారు. ఆ మాట మీద గౌరవంతోనే నోరు మూసుకున్నాను."

ఆమె అబద్ధం చెప్పడం లేదని నాకు తెలిసిపోయింది. "తప్పైంది" అన్నాను. ఆ ఒక్క మాట చాలదని తెలుసు. ఆమె పొట్లం మడిచి తన పనిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు గురువారం కాదు. అయినా పది గంటలప్పుడు బడి వెనక్కి వెళ్ళి అక్కకు నేనే ఫోన్ చేశాను. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, నేను తిన్నానో లేదో అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుత. బావకు నా సంగతి ఎవరు చెప్పిండ్రు?"

లైను కట్టయిందనుకుని "అక్కా" అన్నాను.

"ఉన్న" అంది. "నేనే చెప్పిన రా."

నేను గోడకు ఆనుకున్నాను.

"నువ్వు ఆ రోజు ఏడ్సుకుంట పోయినంక నాకు నిద్ర పట్టలే. మీ బావకు చెప్తే ఏదన్న ఉపాయం చెప్తడనుకున్న. హైదరాబాదుల ఎవరన్న డాక్టర్లు తెలుస్తరేమోనని. ఆయన సక్కగ పోయి నాన్నకు చెప్పిండు. నువ్వు పొయ్యేటప్పుడు నేను ఎందుకు రాలేదనుకున్నవ్? నీ మొఖం ఎట్ల చూడాలె?"

"మరి ఆరేండ్లు ఎందుకు చెప్పలే?"

"ప్రతి గురువారం ఈ పొద్దు చెప్పాలె అనుకొనే ఫోన్ చేస్త. నువ్వు తిన్న అంటవు. ఇగ పెట్టేస్త." అక్కడ ఆగి ముక్కు చీదింది. "తిట్టు రా. తిడితే నాకు మంచిగుంటది."

తిట్టడానికి చూశాను. రాలేదు. ఆరేళ్ళుగా ఎవరి మీదైతే కోపం పెట్టుకున్నానో ఆమె తప్పు చేయలేదు. తప్పు చేసిన మనిషేమో నాకు చెడు జరగాలని చేయలేదు. ఇక నేను ఎవరిని ద్వేషించాలి? మేడ మీద ఒక కొత్త మనిషికి నిజం చెప్పడమే నేను చేసిన తెలివితక్కువ పని అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ తర్వాత ఎవరికీ ఏదీ పూర్తిగా చెప్పలేదు, ఇంట్లో ఉన్న మనిషికి కూడా. అది తెలివితక్కువ పని కాదు. ఆమె ఆ మాటను దాచింది, నా కోసం చెంపదెబ్బ కూడా తింది. అది తెలిసేసరికి, చాలాసేపు ఒకే చేత్తో మోసిన బరువు దించితే చేయి ఎలా తేలిపోతుందో అలా అయింది నాకు.

"తిట్టను గని, ఒకసారి రా అక్కా" అన్నాను.

క్యాంపులోకి తిరిగి వెళ్ళేసరికి ఆ నర్సు బకెట్టులో ఓఆర్ఎస్ పొడి కలుపుతోంది. "మీరు గాదు. మా అక్క" అన్నాను.

గరిటె ఆపి నన్ను చూసింది. "కోపమొచ్చిందా ఆవిడ మీద?"

"రాలే. ఎందుకో తెల్వదు."

"నాకైతే మీ మీద ఇంకా కొంచెం ఉందండి" అంది.

"ఉండాలె."

ఆమె నవ్వింది. గ్లాసులు అందించమంది. సాయంత్రం దాకా ఇద్దరం ఆ గదిలో పని చేశాం. తన కూతురి ఫొటో చూపించింది. తిరిగి వెళ్ళే రోజు నా నంబరు మీద బ్లాకు తీసేశానని చెప్పి జీపెక్కింది.

అక్క నెల తర్వాత వచ్చింది. అప్పటికి గోదావరి తగ్గి, మా గదుల్లో పట్టిన బురదను నాలుగుసార్లు కడిగాం. భద్రాచలంలో నా దగ్గరికే వస్తున్నానని బావకు చెప్పే వచ్చిందట. బావ ఏమీ అనలేదట, చార్జీలకు పైసలున్నాయా అని మాత్రం అడిగాడట. బస్టాండులో నన్ను చూసి ఆమె ఏడవలేదు. "జుట్టు నిజంగనే పల్చగైంది రా" అంది. ఆ నెలంతా ఫోనులో నేను చెప్పిన నర్సు సంగతి, నాతో ఉండే మనిషి సంగతి అన్నీ ఆమెకు గుర్తున్నాయి.

ఇంట్లో అతను వంట చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనిఖీకి అధికారులు వచ్చినట్టు నిలబడి ఉన్నాడు. అక్క చెప్పులు విడిచి, అతన్ని తేరిపార చూసి, నా వైపు తిరిగి మెల్లగా, "ఏమని పిలవాలె?" అని అడిగింది. మా బంధుత్వాల్లో దానికి పిలుపు లేదు.

"కండక్టరు సాబ్ అంటరక్కా అందరు" అన్నాడు అతనే.

"నువ్వు అక్కా అన్నంక నేను సాబ్ అంటనా" అంది అక్క. "తమ్ముడూ, మంచినీళ్ళియ్యి."

అతను తొందరపడి నీళ్ళు తెస్తుంటే సగం నేల మీద ఒలికాయి. అక్క చూడనట్టు గ్లాసు అందుకుని తాగింది. పప్పులో ఉప్పు ఎక్కువైందని మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది. తర్వాత నా మంచం మీద నడుం వాల్చి రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మేమిద్దరం చప్పుడు చేయకుండా బయట గట్టు మీద కూర్చున్నాం. మేడ మీది సంగతి, మెసేజ్ సంగతి, ఆరేళ్ళ కోపం సంగతి మొదటిసారి అతనికి మొత్తం చెప్పాను. అతను మధ్యలో ఆపకుండా విన్నాడు.

లేచాక అక్క మొహం కడుక్కుంటూ, నాన్నకు చెప్పి రాలేదని, వెళ్ళాక చెబుతానని అంది.

"ఏమంటడో" అన్నాను.

"అననీ. నేను దాచుడు బందు పెట్టిన."

నాన్న ఈ రోజు వరకూ నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం అక్క ఫోనులో, నాన్న బయటికి వెళ్ళినప్పుడు, మాట్లాడడం మొదలుపెట్టింది. ఇంటికి రమ్మని అనదు. నేనూ అడగను. మునుపు దానికి మనసు పీకేది, ఇప్పుడు అంతగా పీకడం లేదు.

అక్క వచ్చిన ఆ రోజు సాయంత్రం అతను మా కంటే ముందు డిపోకు పోయి, ఖమ్మం బస్సులో కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి ఉంచాడు. ఆ బస్సు కండక్టరుతో, "మా అక్క, తల్లాడలో జాగర్తగ దించు" అని చెప్పడం నేను విన్నాను. బస్సు వంతెన ఎక్కేదాకా చూసి, ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. దారిలో అతను వంకాయలు బేరమాడుతుంటే, నేను పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాను.